వెంధ్య వైపు నుంచి కోనన్

అందరికీ నమస్కారం. వర్షం పడేలా ఉందని అంటూనే ఇంతమంది వచ్చారు, సంతోషం. మైకు కొంచెం గుయ్‌మంటోంది, వినిపించకపోతే వెనక నుంచి చెయ్యెత్తండి.

ముందు ఈ పుస్తకం చూపిస్తాను. దీన్ని కాసేపట్లో చేతులు మార్చుకుంటూ వెనక వరసదాకా పంపిద్దాం. అట్ట మీద దినపత్రిక కాగితం అంటించి ఉంది కదా, అది నా పనే. 1984లో, ఇంటర్ చదివే రోజుల్లో, ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద ఎనిమిది రూపాయలకు కొన్నాను. బొమ్మ కనిపించేలా పట్టుకెళ్తే అమ్మ గడప దాటనివ్వదని బస్సులోనే కాగితం చుట్టేశాను. ఫ్రాంక్ ఫ్రజెటా వేసిన బొమ్మ. శవాల గుట్ట మీద కండలు తిరిగిన ఒక మనిషి, కత్తి మొన కిందికి ఆనించి నిలబడి ఉంటాడు. అతని కాలు పట్టుకుని ఒక ఆడమనిషి. ఇద్దరికీ కలిపి జేబురుమాలంత బట్ట. (నవ్వులు)

ఇది కోనన్ పుస్తకం. షెర్లాక్ హోమ్స్‌ని రాసిన కానన్ డాయిల్‌కీ దీనికీ సంబంధం లేదు, ఆ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా. ఈ కోనన్ సిమ్మేరియా అనే కొండప్రాంతం వాడు. దొంగ, సముద్రపు దొంగ, కిరాయి సిపాయి, చివరికి రాజు. రాసినవాడు రాబర్ట్ ఇ. హోవర్డ్. ఈ రకం కథల్ని ఇంగ్లీషులో ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ అంటారు. నేను కత్తి-కనికట్టు కథలు అంటాను. ఆ ఇంగ్లీషు పేరు కూడా చాలా ఆలస్యంగా పెట్టిందే. 1961లో మైకేల్ మూర్‌కాక్ అనే కుర్ర రచయిత ఈ తరహాకి ఒక పేరు ఉండాలని అభిమానుల పత్రికలో అడిగితే, ఫ్రిట్జ్ లైబర్ అనే పెద్ద రచయిత ఈ పేరు సూచించాడు. అప్పటికి హోవర్డ్ చనిపోయి పాతికేళ్ళు. తను ఏ రకం కథలు రాశాడో వాటి పేరు తెలియకుండానే పోయాడాయన.

మనకి మాత్రం ఈ సరుకు కొత్తేం కాదు. మన సినిమావాళ్ళు దీన్ని జానపదం అన్నారు. పాతాళ భైరవి చూసినవాళ్ళకి, ‘కత్తి’ కాంతారావు సినిమాలకి నేల టిక్కెట్టు కొన్నవాళ్ళకి, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ కోసం నెలంతా ఎదురుచూసినవాళ్ళకి మాంత్రికుడంటే ఎవరో నేను చెప్పక్కర్లేదు. కానీ ఒక తేడా ఉంది. మన జానపదంలో హీరో రాకుమారుడు, లేకపోతే రాకుమారిని చేసుకోబోయే తోటమాలి కొడుకు. కథ చివర్లో అన్నీ సర్దుకోవాలి, మాంత్రికుడు చావాలి, పెళ్ళి జరగాలి. కోనన్‌కి ఇవేవీ అక్కర్లేదు. అతనికి ఆ పూట గడవాలి. లోకాన్ని ఉద్ధరించే పని ఎవరైనా అప్పజెప్తే ‘నాకేమిస్తావ్’ అని అడిగే రకం.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది తొంభై ఏళ్ళ నాటి ఈ కథలు ఇప్పుడు చదివితే ఏమవుతుందని. ముఖ్యంగా మనం చదివితే. ఎందుకంటే మనం ఈ కథలకి బయట కూర్చున్న పాఠకులం కాదు. హోవర్డ్ ఊహించి గీసుకున్న ఆ లోకం మ్యాపులో మనం కూడా ఉన్నాం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆ మనిషి గురించి. హోవర్డ్ 1906లో టెక్సస్‌లో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగే డాక్టరు. చివరికి క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డారు. రెండేళ్ళ క్రితం డాలస్‌లో ఉన్న మా మేనకోడలు దగ్గరికి వెళ్ళినప్పుడు, ‘మావయ్యా, ఇక్కడ చూడటానికి ఏమీ లేదు’ అని అది మొత్తుకుంటున్నా వినకుండా కారులో ఆ ఊరు తీసుకెళ్ళమన్నాను. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. తెల్లరంగు చెక్క ఇల్లు. అతని గది అని చూపించింది నిజానికి గది కాదు, వరండాకి గోడలు కట్టి చేసిన ఇరుకు చోటు. మన పాతిళ్ళలో వసారాకి తడిక కట్టి కాలేజీ కుర్రాడికి ఇచ్చేవాళ్ళే, అలాంటిది. ఒక మంచం, ఒక బల్ల, ఒక టైపు మిషను. వెంధ్య, స్టీజియా, అక్విలోనియా అనే ఊహాదేశాలన్నీ అందులోంచే పుట్టాయి. మా మేనకోడలు లోపలికి తొంగిచూసి, ‘ఇంతేనా’ అంది.

ఆయన టైపు కొడుతూ కథని గొంతెత్తి చదివేవాడట. కత్తియుద్ధం వస్తే కేకలు. చుట్టుపక్కలవాళ్ళకి వినపడేది. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం అనిపిస్తుంది. ఇప్పటి పాఠకులు హోవర్డ్ వచనం అతిగా ఉందంటారు, విశేషణాలు ఎక్కువంటారు. ఒక్క పేజీలోనే నల్లటి, భయంకరమైన, పురాతనమైన అన్నీ వస్తాయంటారు. కళ్ళతో చదివితే నిజమే. నోటితో చదవండి. బుర్రకథ పుస్తకంగా చదివితే ఎలా ఉంటుంది? ‘తందాన తాన’ కాగితం మీద చూస్తే నవ్వొస్తుంది. ఇదీ అంతే, ఇది చెవికోసం రాసింది.

విశేషణాలకి ఇంకో కారణం కూడా ఉంది, అది డబ్బు. ఈ కథలు అచ్చయింది పల్ప్ పత్రికల్లో. కలప గుజ్జుతో చేసిన అతి చవక కాగితం, పది అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు, అంచులు కూడా సరిగ్గా కత్తిరించనివి. ఆ గుజ్జు పేరే ఆ సాహిత్యానికి పేరైపోయింది. వాటిల్లో ‘వియర్డ్ టేల్స్’ అనే పత్రిక 1923లో షికాగోలో మొదలైంది. ఖరీదు పావు డాలరు. హోవర్డ్ మొదటి కథ అందులో 1925 జూలైలో వచ్చింది. మాటకి అర సెంటు చొప్పున పదహారు డాలర్లు ఇచ్చారు. లెక్క వేసుకోండి, మూడువేల రెండువందల మాటలు. అతనికి పంతొమ్మిదేళ్ళు.

తర్వాత రేటు పెరిగింది కానీ ఆ పత్రికకో గుణం ఉండేది. కథ తీసుకున్నప్పుడు డబ్బివ్వరు, అచ్చయ్యాక ఇస్తారు. అచ్చయ్యాక కూడా ఎప్పుడిస్తారో తెలియదు. ఇక్కడ తెలుగు పత్రికలకి రాసినవాళ్ళు ఇద్దరుముగ్గురు తలూపుతున్నారు, మీకు అర్థమైందని నాకూ అర్థమైంది. (నవ్వులు) 1935 మేలో హోవర్డ్ సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్‌కి ఒక ఉత్తరం రాశాడు. మీరు నాకు ఎనిమిదివందల డాలర్లపైన బాకీ, మా అమ్మకి జబ్బు, ఆసుపత్రి ఖర్చులు, నెలనెలా ఎంతో కొంత పంపితే బతుకు వెళ్తుందని. ఆ ఉత్తరం చదివాక నాకు కోనన్ వేరేలా కనిపించాడు. ఎవడి దయా అక్కర్లేని మనిషిని, ఆకలేస్తే లాక్కుని తినే మనిషిని సృష్టించినవాడు బాకీ కోసం బతిమాలుకుంటున్నాడు. ఆ తర్వాత ఆయన ఈ కథలు దాదాపు మానేసి, డబ్బు సరిగ్గా ఇచ్చే పత్రికలకి కౌబాయ్ హాస్యకథలు రాసుకున్నాడు. తల్లికి క్షయ. 1936 జూన్ 11న ఆవిడ ఇక స్పృహలోకి రాదని నర్సు చెప్పింది. హోవర్డ్ బయటికి వెళ్ళి కారులో కూర్చుని తుపాకీతో కాల్చుకున్నాడు. తల్లి మర్నాడు పోయింది. ఆయనకి ముప్పై ఏళ్ళు. దీని మీద మనోవిశ్లేషణ చేసి పుస్తకాలు రాశారు. నేను ఆ జోలికి పోను.

కోనన్ మొదటి కథ 1932 డిసెంబరు సంచికలో వచ్చింది. అది కూడా మొదట కోనన్ కథ కాదు. కుల్ అనే ఇంకో రాజు మీద రాస్తే తిరిగొచ్చింది. పేరు మార్చి, మాంత్రికుణ్ణీ రాక్షసినీ కలిపి మళ్ళీ పంపాడు, వేసుకున్నారు. మొత్తం పదిహేడు కోనన్ కథలు ఆ పత్రికలో వచ్చాయి, ఆఖరిది అచ్చవడం హోవర్డ్ పోయాక పూర్తయింది.

ఇప్పుడు, ఈ కాలం పాఠకులు ఏమంటున్నారు? అన్ని కథలూ ఒకటేలా ఉన్నాయంటారు. ఆడవాళ్ళని బొమ్మల్లా పెట్టాడంటారు. అట్టల మీద ఆ బొమ్మలేమిటంటారు. ఇవన్నీ ‘ఇప్పటి సున్నితత్వం’ అని కొట్టిపారేసే అభిమానులున్నారు, నాకు వాళ్ళతో పేచీ. ఇవేవీ ఇప్పటివి కావు. 1934 నవంబరు సంచికలో ఒక పాఠకుడి ఉత్తరం అచ్చయింది. ఈ కోనన్‌తో విసిగిపోయానన్నాడు. ప్రతి కథలో ఒక కొత్త మాంత్రికుణ్ణి చంపుతాడు, ఒక కొత్త భూతంతో కలబడతాడు, చచ్చేదాకా వచ్చి వెంట్రుకవాసిలో తప్పించుకుంటాడు, ఒక కొత్త ప్రియురాలిని సంపాదిస్తాడు, ఇక చాలు అన్నాడు. కోనన్‌కి ఒక కోడి పేరు కూడా తగిలించాడు, కొక్కొక్కో కోనన్ అన్నట్టు. ఆ పాఠకుడికి పదిహేడేళ్ళు. పేరు రాబర్ట్ బ్లాక్. పెద్దయ్యాక ‘సైకో’ నవల రాసింది ఇతనే, హిచ్‌కాక్ సినిమా తీసింది దాన్నే.

అట్టబొమ్మల మీద గొడవ కూడా అప్పటిదే. ఆ పత్రికకి చాలా అట్టలు వేసింది మార్గరెట్ బ్రండేజ్. రంగు సుద్దలతో వేసేది, ఒక్కో అట్టకి తొంభై డాలర్లు. సంతకం ఎం. బ్రండేజ్ అని ఉండేది కాబట్టి చాలామంది పాఠకులు మగవాడనుకున్నారు. కథలో బట్టలూడిన అమ్మాయి ఉంటే ఆ కథకి అట్ట దక్కుతుంది. రచయితలకి ఆ సంగతి తెలుసు, హోవర్డ్‌కి ఇంకా బాగా తెలుసు. కొన్ని కథల్లో ఏ అవసరమూ లేకుండా ఒక కొరడా సీను వస్తుంది చూడండి, అది అట్ట కోసం రాసింది. మన సినిమాల్లో ఐటం సాంగు ఎందుకొస్తుందో అందుకే.

అదే పత్రికలో, అదే 1934లో, అక్టోబరులో, సి. ఎల్. మూర్ అనే ఆవిడ ఒక కథ రాసింది. క్యాథరిన్ మూర్, బ్యాంకులో ఉద్యోగం. పేరు పొడి అక్షరాల్లో దాచుకుంది ఆడదాన్నని తెలియకూడదని కాదు, పక్కన సంపాదన ఉందని బ్యాంకుకి తెలియకూడదని. ఆవిడ కథానాయిక జిరెల్, జోయిరీ అనే కోటకి అధిపతి. కోట గెలిచిన శత్రువు ఆమెని బలవంతంగా ముద్దు పెట్టుకుంటాడు. పగ తీర్చుకునే ఆయుధం కోసం కోట అడుగునున్న సొరంగం గుండా పాతాళానికి దిగుతుంది. ఆ దిగడం ఉంది చూశారూ, హోవర్డ్ కూడా అలా రాయలేడు. కానీ చివర్లో వాణ్ణి చంపాక, వాణ్ణే ప్రేమించానని తెలుసుకుంటుంది. మా అమ్మాయికి ఈ కథ ఇస్తే ఆఖరి పేజీ దగ్గర పుస్తకం మంచం మీదికి విసిరేసింది. ‘అంత దూరం దిగి వచ్చింది ఇందుకా?’ అంది. నేను సమర్థించబోయి ఆగిపోయాను.

సరే, ఇక ఒక కథలోకి వెళ్దాం. ‘ఏనుగు గోపురం’ అనుకుందాం, 1933 మార్చిలో వచ్చింది. కోనన్ ఇంకా కుర్రాడు, కొండల మీంచి నగరానికి కొత్తగా వచ్చాడు, దొంగతనాలు నేర్చుకుంటున్నాడు. దొంగలపేటలో ఒక సారాకొట్టు. ఒక లావుపాటి మనిషి ఆడపిల్లల్ని ఎత్తుకుపోయే తన వృత్తి గురించి గొప్పలు చెప్తుంటాడు. యారా అనే మాంత్రికుడి గోపురంలో మణి ఉంది కదా, ఎవరూ ఎందుకు దొంగిలించలేదని కోనన్ అమాయకంగా అడుగుతాడు. ఆ లావుమనిషి అందరి ముందూ నవ్వి ఎగతాళి చేస్తాడు, తోస్తాడు. అక్కడ హోవర్డ్ కథ ఆపి ఒక మాటంటాడు. నాగరికులు అనాగరికులకంటే మర్యాద తక్కువగా ఉంటారు, ఎందుకంటే అమర్యాదగా మాట్లాడినా సాధారణంగా ఎవరూ తల పగలగొట్టరని వాళ్ళకి తెలుసు, అని. తర్వాత కొవ్వొత్తి కింద పడుతుంది, చీకటి. మళ్ళీ దీపం వెలిగించేసరికి లావుమనిషి చచ్చిపడి ఉంటాడు, కోనన్ ఉండడు. కత్తిదెబ్బ ఒక్కటి కూడా మనకి చూపించలేదు.

ఇంకో ముక్క. కోనన్ ఆ ఊళ్ళో తత్వవేత్తల ముంగిళ్ళలో గంటల తరబడి గొంతుక్కూర్చుని దేవుడి గురించి వాళ్ళ వాదాలు వినేవాడట. విని విని బుర్ర గందరగోళమై బయటికొచ్చేవాడట. ఒక్క విషయం మాత్రం తేలిందట అతనికి, వీళ్ళందరికీ పిచ్చి అని. (నవ్వులు) 1982 సినిమాలో స్క్వార్జ్‌నెగర్‌ని చూసి కోనన్ అంటే మాటరాని మొద్దు అనుకునేవాళ్ళు ఈ పేరా చదవాలి. వినడానికి వెళ్ళి కూర్చున్నాడు కదా!

గోపురం ఎక్కుతాడు. సింహాలు, బండెడు సాలీడు, ఇంకో దొంగ చావు. అది మామూలే, బాగా రాశాడు కానీ మామూలే. ఆఖరి గదిలో తలుపు తీస్తే ఒక విగ్రహం. మనిషి శరీరం, ఆకుపచ్చ రంగు, ఏనుగు తల. కోనన్ భయంతో బిగుసుకుపోతాడు. అప్పుడు ఆ విగ్రహం తొండం ఎత్తి గాలిలో తడుముతుంది. అది ప్రాణి. గుడ్డిది. కళ్ళు పొడిచేశారు. కాళ్ళూ చేతులూ విరిచేశారు. వేరే గ్రహం నుంచి వచ్చి, భూమ్మీద మనుషులు పుట్టకముందు నుంచీ ఉంటూ, ఒక మనిషికి విద్య నేర్పి, ఆ శిష్యుడి చేతిలోనే మూడువందల ఏళ్ళుగా బందీ అయి చిత్రహింస పడుతున్న ప్రాణి. మణి కోసం వచ్చిన దొంగ అక్కడ నిలబడి, మొత్తం మనిషిజాతి చేసిన పాపం తన నెత్తిన పడినట్టు వెనక్కి జరుగుతాడు.

నేను మొదటిసారి ఇది చదివింది వినాయకచవితి సెలవుల్లో. మా వీధిలో మండపం, మైకులో పాటలు. ఒక అమెరికన్ పాఠకుడికి ఆ గదిలో కనిపించేది ఒక వింతజీవి. మనకి? తలుపు తీయగానే మనకి భయం వెయ్యదు, అదీ సంగతి. మనకి ముందు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ తర్వాత ఆ కళ్ళు చూస్తాం. హోవర్డ్ రాసినదానికంటే ఎక్కువ బాధ మనకి కలుగుతుంది. ఆ బాధ ఆయన లెక్కలో లేదు, అది మనం తీసుకెళ్ళింది.

ఇక మ్యాపు. హోవర్డ్ చరిత్ర కథలే రాయాలనుకున్నాడు. చరిత్రకి పుస్తకాలు కావాలి, పరిశోధనకి టైము కావాలి, తప్పు రాస్తే పాఠకులు ఉత్తరాలు రాస్తారు. అందుకని పన్నెండువేల ఏళ్ళ క్రితం ఒక యుగం ఉండేదని, తర్వాత ప్రళయంలో పోయిందని ఒక వ్యాసం రాసుకుని, చరిత్రలో ఉన్న దేశాలన్నిటికీ పేర్లు అటూ ఇటూ తిప్పి అందులో సర్దేశాడు. ఖితాయ్ అంటే చైనా. కాస్పియన్ ఉన్నచోట విలాయత్ సముద్రం. విలాయత్! మా తాతగారు లండన్‌ని సీమ, విలాయత్ అనేవారు. హిమాలయాలు హిమేలియన్ కొండలు. అఫ్గానిస్తాన్ అఫ్గులిస్తాన్, ఆ రెండక్షరాలతో సరిపెట్టాడు. వాటికి దక్షిణాన వెంధ్య. వెంధ్య రాజధాని అయోధ్య.

ఈ పుస్తకంలో మొదటి కథ అక్కడిదే, 1934లో మూడు సంచికల్లో వచ్చింది. మొదటి వాక్యమే వెంధ్య రాజు చనిపోతున్నాడని. ఉక్కపోత రాత్రి, గుళ్ళో గంటలు, శంఖాలు. రాజు పేరు భుంద చంద్. ఎక్కడో దూరాన మాంత్రికులు ఆయన ఆత్మని లాగేస్తున్నారు. శరీరంలో ప్రాణం ఉండగానే ఆత్మ వాళ్ళకి చిక్కితే ఎప్పటికీ విముక్తి లేదు. అందుకని రాజు చెల్లెల్ని బతిమాలతాడు, చిక్కకముందే నన్ను చంపెయ్యమని. చెల్లెలు యాస్మినా, వెంధ్య దేవి, బాకుతో పొడుస్తుంది. అన్నని చంపుకున్న చెల్లెలు పగకోసం బయల్దేరుతుంది. కథ మొదలు.

పదహారేళ్ళ వయసులో నేనిది చదివి ఎగిరి గంతేశాను, మన అయోధ్య వచ్చిందని. పాతికేళ్ళప్పుడు మళ్ళీ చదివితే ఒళ్ళు మండింది. దేవి పేరు యాస్మినా ఏమిటి, రాజు చంద్ ఏమిటి, సైన్యం క్షత్రియులేమిటి, ఇదంతా ఇంగ్లీషువాడి ఖైబర్ కనుమ కథ కదా అని. నిజంగా అక్కడి నుంచే వచ్చింది. టాల్బట్ మండీ అనే రచయిత 1916లో ఖైబర్ మీద రాసిన సాహస నవలలో యాస్మినీ అనే ఆవిడ ఉంది. హోవర్డ్ ఇండియాని చూళ్ళేదు, ఇండియా మీద తెల్లవాళ్ళు రాసింది చూశాడు. ఇంకో నవలలో అసుర అనే దేవుణ్ణి పూజించే పూజారులు వస్తారు, వాళ్ళు మంచివాళ్ళు, కోనన్‌కి సాయం చేస్తారు. అసురుడు మంచి దేవుడు! అది చదివి మాత్రం కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ఇప్పుడు అరవైకి దగ్గరపడి మూడోసారి చదివాను. ఈసారి నాకు పట్టింది యాస్మినా. ఆమెని కోనన్ ఎత్తుకుపోతాడు, నిజమే. కానీ కథ అయ్యేసరికి ఆమె అతనితో వెళ్ళదు. ఆమె రాజ్యం ఆమెది, కొండవాళ్ళు అతనివాళ్ళు. ఎవరి దారి వాళ్ళది. అదే సంవత్సరం బ్యాంకు ఉద్యోగిని మూర్ తన జిరెల్‌ని చివర్లో ప్రేమలో పడేస్తే, కొరడా సీన్లు అమ్ముకునే టెక్సస్ కుర్రాడు వెంధ్య దేవిని పడెయ్యలేదు. వీళ్ళకి మార్కులు వెయ్యడం అంత తేలిక కాదని చెప్పడానికే ఈ మాట అన్నాను.

తేలికైన చోట్లు కూడా ఉన్నాయి. ఒక కథలో నల్లజాతి తెగ దగ్గర బందీగా ఉన్న తెల్ల అమ్మాయి కోనన్‌ని సాయం అడుగుతుంది. దేనిని చూపించి? నువ్వూ తెల్లవాడివే, నేనూ తెల్లదాన్నే అని. హోవర్డ్ బతికుండగా ఆ కథ అచ్చవలేదు, 1967లో వచ్చింది. దాన్ని వెనకేసుకురావడానికి ఏమీ లేదు. ఆ కాలం అలాంటిది అంటారు. ఆ కాలంలోనే నల్లవాళ్ళు కూడా బతికారు, చదివారు, అది వాళ్ళ కాలం కూడా. అయితే మనం కూడా ఊరికే వేలు చూపించి కూర్చోలేం. మన జానపద సినిమాల్లో కోయదొరలంటూ, అడవి మనుషులంటూ ముఖాలకి రంగు పూసి, ఈకలు కట్టి, అర్థం లేని కేకలు పెట్టించి గంతులేయించాం కదా, ఆ హాలులో నేనూ విజిల్ వేశాను.

అందరూ కోపంతో ఆగిపోలేదు. చార్లెస్ సాండర్స్ అని ఒకాయన, పెన్సిల్వేనియాలో పుట్టిన నల్లజాతి రచయిత. 1969లో కెనడా వెళ్ళిపోయాడు, తర్వాత హాలిఫాక్స్‌లో పత్రికలో పనిచేశాడు. ఈ కథలంటే పిచ్చి ఇష్టం, ఇందులో తనవాళ్ళని రాసిన తీరంటే అంతే కోపం. 1975లో ఆ కోపాన్ని వ్యాసంగా రాశాడు. తర్వాత ఇమారో అనే వీరుణ్ణి పుట్టించాడు. కత్తి, కనికట్టు అన్నీ ఉన్నాయి, కానీ దేశం ఆఫ్రికాలాంటిది, మనుషులు నల్లవాళ్ళు, చెప్పేవాడు లోపలివాడు. 1981లో నవలగా వచ్చింది. ప్రచురణకర్తలు అట్ట మీద ‘నల్ల టార్జాన్’ అన్నట్టు వేశారు. టార్జాన్ హక్కుదారులు అభ్యంతరం చెప్పారు, పుస్తకం ఆలస్యమైంది. టార్జాన్‌కి జవాబుగా రాసినవాడి అట్ట మీద టార్జాన్ పేరు!

నాకు ఆయనలో నచ్చింది ఇంకోటి. 2006లో నవల మళ్ళీ వేసేటప్పుడు అందులో ఒక భాగం మొత్తం తీసేసి కొత్తది రాశాడు. రెండు తెగల మధ్య జరిగే ఆ కథ, 1994లో రువాండాలో జరిగిన నరమేధానికి మరీ దగ్గరగా ఉందనిపించిందట. తను రాసింది ముందు, రువాండా తర్వాత. ఎవరూ అడగలేదు. తన పుస్తకం కాబట్టి తనే మార్చుకున్నాడు. 2020లో చనిపోయాడు. సమాధి మీద పేరు కూడా లేదని తర్వాత తెలిసి, పాఠకులూ మిత్రులూ చందాలు వేసుకుని రాయి పెట్టించారు.

రచయిత తను మార్చుకోవడానికీ, పోయినవాడి కథని ఇంకొకరు మార్చడానికీ తేడా ఉంది. ఈ పుస్తకమే సాక్ష్యం. 1966లో న్యూయార్కులో లాన్సర్ కంపెనీ మొదట వేసింది, నా దగ్గరున్నది తర్వాతి ముద్రణ. నాలుగు కథలు. అందులో ఒకటి హోవర్డ్ సగంలో వదిలేస్తే ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్ పూర్తిచేశాడు. ఆ వరుస పుస్తకాల్లో డి క్యాంప్, లిన్ కార్టర్ కలిసి పాత కథల్ని దిద్దారు, వేరే వీరుల కథల్ని కోనన్ కథలుగా మార్చారు, సొంతవి కలిపారు. లక్షలమందికి కోనన్ పరిచయమైంది వాళ్ళవల్లే, కాదనను. కానీ ముప్పై ఏళ్ళపాటు పాఠకులు హోవర్డ్‌ని తిట్టింది కొంత డి క్యాంప్ రాసినదానికి, కొంత ఫ్రజెటా బొమ్మకి, కొంత సినిమాకి. 1970లో కామిక్స్ వచ్చాయి, 82లో సినిమా. సినిమాలో చిన్నప్పుడు బానిసగా చక్రం తిప్పడం హోవర్డ్‌లో ఎక్కడా లేదు. హోవర్డ్ టైపు ప్రతుల్ని వెతికి పట్టుకుని ఆయన రాసింది రాసినట్టు వెయ్యడం 2000 దాటాకే జరిగింది.

టైమైపోయిందంటున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుందాం. అమ్మా, మీరు అడగండి.

(వినిపించని ప్రశ్న)

ఆవిడ అడిగింది, చెడ్డ ముక్కలు తీసేసి పిల్లలకి వెయ్యొచ్చు కదా అని. నేను వద్దంటానమ్మా. పిల్లలకైతే అసలు ఇవ్వకండి, పాత చందమామలు ఇవ్వండి. పదహారు దాటినవాళ్ళకి ఉన్నదున్నట్టు ఇవ్వండి, పక్కన కూర్చోండి. మా అమ్మాయి పుస్తకం విసిరేసినప్పుడు నేను గదిలో ఉన్నాను కాబట్టి గంటసేపు మాట్లాడుకున్నాం. విసిరేసే పేజీ తీసేసి ఇస్తే ఆ గంట ఉండేది కాదు.

మాస్టారూ, మీరు. ఏది ముందు చదవాలా? ‘ఏనుగు గోపురం’. హోవర్డ్ బతికుండగా అచ్చయిన కథలకి మన దేశంలో కాపీరైటు ఎప్పుడో అయిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగులోకి ఎవరైనా తెస్తే బాగుంటుంది, ముందే చెప్తున్నా, వెంధ్యని వింధ్య చెయ్యకండి, ఆయన తప్పు ఆయనకి ఉంచండి. రెండోది, నల్లనది అవతల జరిగే కథ. సరిహద్దు గూడెం, అడవిలో శత్రువులు, ఒక కుర్రాడు, ఒక వీధికుక్క. జనం పారిపోవడానికి టైము దొరకాలని కుర్రాడూ కుక్కా దారికి అడ్డంగా నిలబడి పోరాడి చచ్చిపోతారు. కోనన్ అంటాడు, కుర్రాడికి పది తలలు, కుక్కకి ఏడు తలలు బదులు తీసుకుంటానని. కుక్కకి విడిగా లెక్క కట్టాడు చూడండి.

ఇంతకీ పుస్తకం ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరసలో ఆ అబ్బాయి దగ్గరా? బాబూ, నెమ్మది, ఆ అట్ట కాగితం ఊడదీస్తున్నావా? నలభై ఏళ్ళ కిందటి జిగురు నాన్నా అది, కింద బొమ్మ కూడా లేచి వచ్చేస్తుంది. చూసి పక్కవాళ్ళకివ్వు.